కునుకువేళ నడిచే స్క్రిప్టులు

మా పాల సహకార సంఘం చరిత్ర రాసేవారు ఇంతవరకు ఎవరూ ముందుకు రాలేదు. వస్తే మాత్రం ఆ చరిత్రను రెండు యుగాలుగా విడగొట్టక తప్పదు. న్యా జునిల్ద కాంతేరో కంప్యూటర్లో ఏదైనా చెరిపే ముందు దాని పేరు పైకి చదవడం మొదలుపెట్టక మునుపటిది ఒకటి, మొదలుపెట్టిన తరువాతది ఒకటి. మొదటి యుగంలో మాకు ఆరు శీతల ట్యాంకులు, ముగ్గురు అధ్యక్షులు, ఒక పెద్ద వరద ఉన్నాయి. అయినా ఆ యుగం గురించి మా ఊరు అర్రోయో మొరోతీలో ఎవరూ మాట్లాడరు. మాట్లాడితే ఆవుల సంగతి వస్తుంది.

ఆవుల సంగతి ఇది. రెండువేల తొమ్మిది ఆగస్టులో ఒక గురువారం న్యా జునిల్ద తాత్కాలిక ఫైళ్ళ ఫోల్డరును ఖాళీ చేయబోయింది. ఆజ్ఞ టైపు చేసేటప్పుడు ఒక ఖాళీ జాగా ఎక్కువ పడింది. దానితో "ఈ ఫోల్డరులోవన్నీ" అనవలసిన ఆజ్ఞ "ఈ ఫోల్డరూ, ఇంకా ఉన్నవన్నీ" అయిపోయింది. కంప్యూటరుకు పెద్దమనిషి తరహా లేదు; అడిగి చేసే అలవాటు అసలే లేదు. నాలుగు వేల నూట పన్నెండు ఆవుల వివరాలు, పేర్లు, ఈనిన తేదీలు, టీకాలు, తల్లుల పేర్లతో సహా, పదకొండు సెకన్లలో పోయాయి. రైతులందరినీ మళ్ళీ పిలిచి, వరుసలో నిలబెట్టి, ఒక్కొక్క ఆవునూ చెప్పించుకుని రాసుకున్నాం. ఆరు వారాలు పట్టింది. పూర్తయ్యేసరికి ఆవులు నాలుగు వేల నాలుగు వందల ఇరవై అయ్యాయి. ప్రకృతిలో ఇలా జరగదని పశువైద్యుడు చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు.

ఆనాటి నుంచి ఆమె ఏ స్క్రిప్టు రాసినా, చెరిపే వరుసకు ముందు చూపించే వరుస పెడుతుంది. స్క్రిప్టు మొదటిసారి నడిచినప్పుడు ఏమీ చెయ్యదు. ఏం చేద్దామనుకుంటోందో ఒప్పుకుంటుంది, అంతే. ఆ ఒప్పుకోలును ఆమె కాగితం మీద అచ్చువేసి, పొద్దున తొమ్మిదిన్నరకు తెరెరే తాగే వేళ మా మధ్య నిలబడి చదువుతుంది. వేసవిలో చల్లటి ఆకునీళ్ళు నిండిన కొమ్ముగ్లాసు చేతులు మారుతుంటే, "పాత ముద్రణల ఫోల్డరు, మార్చి నెలది, పాత ముద్రణల ఫోల్డరు, ఏప్రిల్ నెలది" అని ఆమె గొంతు సాగుతుంది. ప్రయోగశాలలో పాల నమూనాలు చూసే లిబ్రాద మొదట్లో చర్చిలో పునీతుల పేర్లకు అన్నట్టు ప్రతి పేరుకీ "మా కోసం ప్రార్థించు" అని తగిలించేది. తరువాత మానేసింది. ఒకసారి ఆ జాబితాలో తన సొంత ఫోటోల ఫోల్డరు వినపడింది మరి.

ఊరంతా ఆమెను గౌరవంగా, మగవాళ్ళను దోన్ అన్నట్టు, న్యా జునిల్ద అంటుంది. న్యా అనకుండా పిలిచే హక్కు ఒక్క ఆమె తల్లికే ఉండేది, ఆ తల్లి ఇప్పుడు లేదు. భర్త త్రాంకిలీనో కూడా నలుగురిలో న్యా అనే అంటాడు. ఆమె తండ్రి తంతి ఆఫీసులో పనిచేసేవాడు. పంపే ముందు ప్రతి వార్తనూ తిరిగి చదివి వినిపించేవాడట. ఆ బుద్ధి తనకు నలభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చిందని ఆమె అంటుంది. విజ్జరీక పట్నంలో ఎనిమిది నెలల కంప్యూటరు కోర్సు చేసి, మా సంఘం మొట్టమొదటి కంప్యూటరుతో పాటే ఒకే లారీలో వచ్చింది. కంప్యూటరును ఇప్పటికి అయిదుసార్లు మార్చాం.

ఆమె దగ్గర నీలిరంగు అట్ట నోటుబుక్కు ఒకటి ఉంది. కొత్తగా చేరినవాళ్ళెవరైనా దాన్ని చదవందే కీబోర్డు ముట్టుకోకూడదు. అందులో తాత్త్విక విషయాలేవీ లేవు. తిరిగి తెచ్చి చూడని బ్యాకప్పు బ్యాకప్పు కాదు, ఉందన్న ధైర్యం మాత్రమే. డిస్కు నిండిపోతే ముందు అన్నిటికంటే పెద్ద ఫోల్డరు వెతుకు. చిన్నవి తుడుస్తూ కూర్చుంటే సాయంత్రానికి అలసట మిగులుతుంది, జాగా మిగలదు. సెట్టింగుల ఫైలు ముట్టుకునే ముందు దాని నకలు తీసి తేదీ పేరుగా పెట్టు. "పాతది", "అసలు పాతది", "చివరి పాతది" అని పెట్టినవాడు తన పేరు కూడా మరిచిపోతాడు. ఒక స్క్రిప్టు నడుస్తుండగా అదే స్క్రిప్టు రెండోసారి లోపలికి పోకుండా గుమ్మంలో చెప్పులు విడిచినట్టు ఒక గుర్తు ఫైలు వదలాలి. ప్రతి స్క్రిప్టు మొదటి వరుసలో అది ఎందుకు పుట్టిందో, ఎవరు అడిగితే పుట్టిందో, ఎవరు రాశారో ఉండాలి. ఇంకొకటి, ఎర్ర సిరాతో రాసినది: బరువైన పనులన్నీ మధ్యాహ్నం ఒంటిగంటకు పెట్టు.

వేరే దేశాల్లో ఇలాంటి పనులు అర్ధరాత్రి పెడతారని విన్నాం. మాకు అది అర్థం కాలేదు. తెల్లవారుజామున మూడింటికి పాలలారీలు వచ్చేస్తాయి. రాత్రంతా తూకం గది వెలుగుతూనే ఉంటుంది. ఎవడూ మేల్కొని ఉండని సమయమంటూ మాకు ఒకటే, పన్నెండు నుంచి రెండున్నర. ఆ వేళ కుక్క కూడా లారీ కింద నుంచి లేవదు. బయట తిరిగే పిల్లల్ని జాసి జతెరే అనే భూతం ఎత్తుకుపోతుందని మా అమ్మలు భయపెట్టేవాళ్ళు. పెద్దయ్యాక ఆ భయం పోయింది, నిద్ర మిగిలింది. కాబట్టి బ్యాకప్పు, పాత ఫైళ్ళ ఏరివేత, పాల నాణ్యత నివేదికలు అన్నీ న్యా జునిల్ద పదహారేళ్ళుగా ఒంటిగంటకే పెడుతూ వచ్చింది. ఆమె ఇంటికి వెళ్ళి పడుకునేది. యంత్రం పనిచేసేది. ఈ ఏర్పాటులో లోపం ఎవరికీ కనిపించలేదు, ఎందుకంటే చూడవలసిన వేళ అందరి కళ్ళూ మూసుకుని ఉండేవి.

జూలైలో కొత్త మేనేజరు వచ్చాడు. దోన్ ఫెర్మీన్ ఒకారిస్, రాజధాని అసున్సియోన్ మనిషి, నలభై దాటలేదు. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళడు. బల్ల దగ్గరే రెండు రొట్టెముక్కల మధ్య ఏదో పెట్టుకుని తింటాడు. పన్నెండున్నరకల్లా పని మొదలుపెడతాడు. మా వైపు జూలై అంటే చలికాలం. మా వాళ్ళు కొంత క్షమించారు. కానీ ఎండలు మొదలయ్యే సెప్టెంబరు వచ్చినా అదే వరస. గేటు దగ్గర కాపలా పెద్దాయన మధ్యాహ్నం కూడా మేనేజరు కారు ఎండలోనే కదలకుండా ఉండటం చూసి, ఇంట్లో ఏదో గొడవ ఉండి ఉంటుందని నిర్ధారించాడు.

మొదటి నెలలోనే దోన్ ఫెర్మీన్ ఫిర్యాదు చేశాడు. రోజూ ఒంటిగంటకు సిస్టం ఆగిపోతోంది, నలభై నిమిషాలు కదలదు, ఒక్క నొక్కు నొక్కితే తెర తెల్లబోతుంది అన్నాడు. న్యా జునిల్ద శ్రద్ధగా విన్నది.

"ఆ వేళ ఎవరూ పని చెయ్యరు దోన్ ఫెర్మీన్," అంది.

"నేను చేస్తున్నానుగా న్యా జునిల్ద."

"అదే నాకూ అర్థం కావట్లేదు."

ఆయన అక్టోబరులో పాలకవర్గానికి ఒక ప్రతిపాదన రాశాడు. దాన్ని మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించినవాణ్ణి నేనే, అందువల్ల మాటమాటా గుర్తుంది. కంప్యూటరు గది పాతబడిపోయింది. సిస్టం మొత్తాన్ని రాజధానిలో అద్దెకు తీసుకున్న యంత్రాల మీదకు మార్చాలి. గది మూసేసి అక్కడ వెన్న పెట్టెలు పెట్టుకోవచ్చు. శ్రీమతి కాంతేరోను గేటు దగ్గర లారీల నంబర్లు రాసే పనికి మార్చాలి. నవంబరు పద్దెనిమిది సర్వసభ్య సమావేశంలో ఓటు వేయాలి. న్యా జునిల్దకు యాభై ఏడేళ్ళు. పదవీవిరమణకు ఇంకా మూడేళ్ళుంది. నంబర్లు రాసే పని చెడ్డ పని కాదు. కానీ అక్కడ చెరిపేందుకు ఏమీ ఉండదు, ఎవరూ ఏదీ చదవమని అడగరు.

ఆమె లోపం వెతకడం మొదలుపెట్టింది. తొమ్మిదింటికి చూసింది, పదింటికి చూసింది, మూడింటికి, అయిదింటికి చూసింది. యంత్రం సాధువులా ఉంది. డిస్కులు ఆరోగ్యం, జ్ఞాపకశక్తికి లోటు లేదు, వేడి లేదు. ప్రతి అయిదు నిమిషాలకూ యంత్రం మీద ఎంత బరువుందో రాసే స్క్రిప్టు ఒకటుంది. దాని రాతలు మూడు నెలలవి గీతల పటంగా అచ్చుతీసి గోడకు అంటించింది. గీత ఎక్కడా లేవలేదు. పన్నెండు నుంచి రెండున్నర వరకు మాత్రం గీత అసలు లేదు. ఆ వేళ ఎవరూ ఉండరు కాబట్టి కొలవనవసరం లేదని ఆమే ఒకప్పుడు ఆ స్క్రిప్టుకు చెప్పింది.

ఆ కాగితం ముందు ఆమె పది రోజులు నిలబడింది. చివరికి ఖాళీని చూపించింది లిబ్రాదే.

"కోళ్ళు పోతున్నాయని పొద్దున్నే లేచి గూడు చూస్తే ఏం లాభం?" అంది. "నక్క వచ్చే వేళకు మేలుకోవాలి."

"ఒంటిగంటకా?"

"నక్కకు మీ టైంటేబుల్ తెలీదుగా."

నవంబరు పదకొండు మంగళవారం ఆమె ఇంటికి వెళ్ళలేదు. సాక్షిగా ఉండమని నన్ను అడిగింది. ముప్ఫై తొమ్మిది డిగ్రీలు. పన్నెండుంపావుకే నాకు తల వాలిపోయింది. ఆమె రెండుసార్లు మోచేత్తో పొడిచింది. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో భార్య మధ్యాహ్నం ఇంటికి రాకపోవడం అదే మొదలు కావడంతో, త్రాంకిలీనో నేరుగా ఆరోగ్యకేంద్రానికి వెళ్ళి అక్కడ ఆమె పేరుతో ఎవరైనా చేరారా అని విచారించాడు. డ్యూటీ నర్సు నిద్రలో ఉంది. లేదని తల మాత్రం ఊపింది.

ఒంటిగంటకు రెండు నిమిషాలుండగా ఆమె నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా తెర మీద పెట్టింది. జాబితాలో ఎనిమిది వరుసలున్నాయి. గడియారం ఒంటిగంట అయింది. పెళ్ళిలో మొదటి బంతికి పిలుపు వచ్చినట్టు ఒక్కసారిగా ముప్ఫై ఒక్క స్క్రిప్టులు లేచి వచ్చి కూర్చున్నాయి. డిస్కు ఒక్కటే, వడ్డించే చెయ్యి ఒక్కటే. బ్యాకప్పు తన విస్తరి నిండాలంటుంది, నాణ్యత నివేదిక తనది నిండాలంటుంది, పాత ఫైళ్ళ ఏరివేత బ్యాకప్పు కాపీ చేస్తున్న ఫైళ్ళనే వెతుకుతోంది. తెర మీద అక్షరాలు కదలడం మానేశాయి. న్యా జునిల్ద ఒక మీట నొక్కింది. ఒకటీ నలభై రెండుకు దానికి జవాబు వచ్చింది.

ఈలోగా ఆమె ఆ ముప్ఫై ఒక్క పేర్లూ కాగితం మీద రాసుకుంది. ఆ తరువాత ఒక్కొక్క స్క్రిప్టూ తెరిచి, మొదటి వరుస పైకి చదివింది. అలవాటు పోదు. బ్యాకప్పు, నాకోసం నేను. నాణ్యత నివేదిక, లిబ్రాద అడిగితే. టీకాల గుర్తింపు, పశువైద్యుడు దోన్ సెవెరియానో అడిగితే. ఇక్కడ ఆమె ఆగింది. దోన్ సెవెరియానో పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ స్క్రిప్టు రోజూ ఒంటిగంటకు ఆయనకు ఒక ఉత్తరం తయారుచేసి, పంపి, తిరిగి వస్తే మళ్ళీ పంపుతోంది. ఇంకొకటి మేం బడికి దానమిచ్చేసిన ప్రింటరు కోసం రోజూ ఎదురుచూస్తోంది. మూడోది తొలగించిన ట్యాంకు ఉష్ణోగ్రత అడుగుతోంది. ఎవరూ జవాబు చెప్పకపోతే ఇరవై నిమిషాలు ఆగి మళ్ళీ అడగాలని ఆమె దానికి నేర్పింది.

నేను కలం తీశాను. "తప్పు ఎవరిదని రాయను?" అన్నాను.

"రాసినవాళ్ళ పేరు మొదటి వరుసలోనే ఉందిగా," అంది. "ముప్ఫై ఒక్కసార్లు."

మందు మాత్రం చిన్నది. ప్రతి స్క్రిప్టు నెత్తిన ఒక వరుస: మొదలుపెట్టే ముందు సున్నా నుంచి తొంభై నిమిషాల్లోపు ఏదో ఒక సమయం, ఎంతైనా సరే, చీటీ తీసి అంతసేపు నిద్రపో. బరువైన మూడింటికి మాత్రం ఉమ్మడిగా ఒక గుర్తు ఫైలు: లోపల ఒకడుంటే రెండోవాడు గుమ్మంలో ఆగాలి. పోయినవారి కోసం, పోయినవాటి కోసం నడిచే ఆ మూడు స్క్రిప్టులను ఆమె చెరపలేదు. ముందు చూపించే వరుస పెట్టి, మర్నాడు తొమ్మిదిన్నరకు మాకు చదివి వినిపించింది. దోన్ సెవెరియానో పేరు వచ్చినప్పుడు కాపలా పెద్దాయన టోపీ తీశాడు. అప్పుడు తీసి వేరే ఫోల్డరులో పెట్టింది. కొలిచే స్క్రిప్టుకు మధ్యాహ్నం సెలవు రద్దు చేసింది. బుధవారం ఒంటిగంటకు గీత మోకాలెత్తు లేచి, పడుకుంది. గురువారం కూడా అంతే.

"మొత్తానికి వాటికి కూడా కునుకు ఇప్పించారు," అంది లిబ్రాద, కొమ్ముగ్లాసు అందుకుంటూ. "ఇక నోరు మూసుకుని కూర్చోండి. మేనేజరు యంత్రం ముసలిదన్నాడు, ముసలిదే బాగైంది. అంతకంటే ఆయనకు తెలియనక్కర్లేదు."

 సలహా చెడ్డది కాదు. యంత్రం నిర్దోషి అని తేలితే గది నిలుస్తుంది. దోషం గది నడిపే మనిషిదని తేలితే గదీ నిలవదు, మనిషీ నిలవదు. మేనేజరుకు ప్రతిపాదనలో రాసుకోవడానికి అంతకంటే మంచి వాక్యం ఇంకెక్కడా దొరకదు.  ఆ సాయంత్రం న్యా జునిల్ద నీలి నోటుబుక్కు తీసి, ఎర్ర సిరాతో రాసిన సలహాను ఒక గీతతో కొట్టేసి, కింద మామూలు సిరాతో ఇలా రాసింది: బాగుచేసింది రాయకపోతే బాగుచేసినట్టు కాదు, దాచినట్టు. తరువాత ఒక పేజీ నివేదిక టైపు చేసింది. ఆగిపోవడానికి కారణం నా ముప్ఫై ఒక్క స్క్రిప్టులు, అన్నిటినీ ఒకే నిమిషానికి పెట్టింది నేను, పదకొండో తేదీన సరిచేశాను, సంతకం.

శుక్రవారం దాన్ని చేతికిచ్చింది. దోన్ ఫెర్మీన్ ఎవరితోనో ఫోనులో ఉన్నాడు. కాగితం తీసుకుని, చూస్తానన్నట్టు తల ఊపి, బల్ల మీద ఉన్న కాగితాల దొంతరలో పెట్టాడు. శని, ఆది, సోమ వారాలు ఆయన ఏమీ అనలేదు. ఆమె కంప్యూటరు గదిలో తన సొంత సామాను ఒక పెట్టెలో సర్దింది. ఎక్కువ లేదు: చిన్న ఫ్యాను, తండ్రి ఫోటో, ఒక స్వెట్టరు. నోటుబుక్కు బల్ల మీదే ఉంచింది, అది గదిదట.

సర్వసభ్య సమావేశం మంగళవారం సాయంత్రం అయిదింటికి. రెండు వందల పదహారు మంది సభ్యులు, అందరికీ చిపా రొట్టెలు. అజెండాలో ఏడో అంశం ఈ ప్రతిపాదనే. న్యా జునిల్ద రెండో వరుసలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. త్రాంకిలీనో చొక్కా గుండీ మెడదాకా పెట్టుకుని వచ్చాడు.

దోన్ ఫెర్మీన్ లేచాడు. "ఈ ప్రతిపాదన ఒక ఇబ్బంది వల్ల పెట్టాను," అన్నాడు. "గత రెండు వారాలుగా ఒంటిగంటకు ఆ ఇబ్బంది నాకు ఒక్కసారి కూడా ఎదురుకాలేదు. కనుక ఉపసంహరించుకుంటున్నాను. గది అలాగే ఉంటుంది. శ్రీమతి కాంతేరో కూడా."

చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడు లేచి ఆమె సేవను రెండు నిమిషాలు పొగిడాడు. ఆవుల సంగతి ఎత్తలేదు, దాన్నీ చప్పట్లలో చేర్చుకోవచ్చు. నివేదిక చదివి కూడా దోన్ ఫెర్మీన్ ఆమె తప్పును నలుగురిలో బయటపెట్టలేదని లిబ్రాద నా చెవిలో అంది. రాజధాని మనిషైనా మర్యాద తెలిసినవాడే అని ఒప్పుకుంది. నాకూ అలాగే అనిపించింది. మినిట్స్‌లో "సముచితమైన ఔదార్యంతో" అని రాశాను.

బయటికి వస్తూ న్యా జునిల్ద వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటోంది.

"రెండు వారాలన్నారు కదా?" అని నన్ను అడిగింది.

అన్నారని చెప్పాను.

"నేను సరిచేసి వారమేగా అయింది."

మర్నాడు పొద్దున ఆమె ఎవరు ఏ వేళ కంప్యూటరు వాడారో రాసి ఉండే చిట్టా తీసింది. ఎప్పటిలాగే పైకి చదివింది, కానీ ఈసారి నాకొక్కడికే. దోన్ ఫెర్మీన్ ఒకారిస్ మధ్యాహ్నం పన్నెండున్నరకూ రెండున్నరకూ మధ్య చివరిసారిగా కంప్యూటరు ముట్టుకున్నది నవంబరు మూడున. సరుకుల గది రిజిస్టరు నా దగ్గరే ఉంటుంది కాబట్టి నేనూ ఆ పేజీ తీశాను. నవంబరు నాలుగు, మేనేజరు గదికి: పడుకునే నూలు ఊయల ఒకటి, గోడ కొక్కేలు రెండు.